నీరుగంటి లేని గేటు

చిక్కబళ్లాపూర్, బాగేపల్లి, చింతామణి పక్క పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే నీరుగంటి అంటే ఎవరో ఇప్పటికీ చెప్తారు. చెరువు తూము తెరిచేది ఆయనే, మూసేది ఆయనే. ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో చూసేదీ ఆయనే. అర్ధరాత్రి జోరువాన పట్టుకుంటే ఊరంతా ముసుగుతన్ని పడుకునేది. నీరుగంటి మాత్రం గొంగడి కప్పుకుని కట్ట మీదికి పోవాల్సిందే. మరవ పారుతోందా, కట్ట ఎక్కడైనా చెమ్మగిల్లిందా అని చూడాల్సిందే. మరి ఆ రాత్రే ఆయనకు జ్వరం వస్తే? కాలు జారి పడితే? లేదా మనిషే కదా, కునుకు పట్టేస్తే?

ఈ ప్రశ్నకు నూట ఇరవై ఏళ్ల కిందట ఒక జవాబు కనిపెట్టినాయన మన పక్క ఊళ్లోనే పుట్టారు. నంది కొండల కింద ముద్దేనహళ్లి ఆయన ఊరు. ఇంటిపేరు మోక్షగుండం. పేరు విశ్వేశ్వరయ్య. ఏటా సెప్టెంబర్ 15న ఇంజినీర్ల దినోత్సవం అని దండలు వేసేది ఆయన ఫొటోకే.

బెంగళూరులో ఇప్పుడు మన పిల్లలు వేలల్లో ఇంజినీర్లు. వాళ్లలో కొందరి పని కొంచెం వేరు. కంప్యూటర్ తెర మీద కనిపించే సాఫ్ట్‌వేర్ కాదు వాళ్లు రాసేది. కారు బ్రేకులో, లిఫ్టులో, ఆస్పత్రిలో మందు ఎక్కించే పంపులో, రాకెట్టులో ఒదిగి కూర్చునే చిన్న చిప్పుకు ప్రాణం పోసే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అంటారు. దాని ముందు మనిషి ఉండడు. తప్పు జరిగితే ఆపి, మళ్లీ మొదలుపెట్టమని చెప్పేవాళ్లుండరు. అందుకే అది రాయడం ఒక ఎత్తు, నమ్మదగ్గదిగా చేయడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని చేసేవాళ్లకు విశ్వేశ్వరయ్య ఫొటోలో పెద్దమనిషి మాత్రమే కాదు, వృత్తిలో తాతలాంటివారు. చిప్పూ కోడూ లేని రోజుల్లో నీళ్లతో, ఇనుముతో ఆయన చేసింది అదే పని.

గిద్దలూరు నుంచి ముద్దేనహళ్లికి

విశ్వేశ్వరయ్య పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. అక్కడి నుంచి మైసూరు సీమకు వలస వచ్చారు. ఊరు మారినా ఇంట్లో తెలుగు పోలేదు, ఇంటిపేరూ పోలేదు. సరిహద్దు అవతల ఉన్న మన ఇళ్లలో చాలావాటి కథ ఇదే కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృతం చదువుకున్నవారు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఈయన పుట్టింది 1861 సెప్టెంబర్ 15న. సంవత్సరం 1860 అని లెక్క కట్టేవాళ్లూ ఉన్నారు.

తండ్రి చిన్నతనంలోనే పోయారు. చిక్కబళ్లాపూర్‌లో బడి అయ్యాక కుర్రవాడు మేనమామ అండతో బెంగళూరు చేరాడు. సెంట్రల్ కాలేజీలో చదువు. ఒక కొడగు కుటుంబంలో పిల్లలకు పాఠాలు చెప్పి తిండికీ బసకూ దారి చూసుకున్నాడు. 1881లో బి.ఎ. పూర్తయింది. లెక్కల్లో చురుకు చూసి మైసూరు ప్రభుత్వం ఉపకార వేతనం ఇచ్చింది. దాంతో పుణె సైన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, 1883లో బొంబాయి రాష్ట్రానికే మొదటివాడుగా వచ్చాడు. మరుసటి ఏడే బొంబాయి ప్రభుత్వ పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్ ఉద్యోగం. అప్పటికి వయసు ఇరవై మూడు కూడా నిండలేదు.

ఆయన గురించి కథలు చాలా ఉన్నాయి. రైలు చప్పుడు తేడా విని పట్టా విరిగిందని కనిపెట్టారన్నది ఒకటి. సర్కారు కొవ్వొత్తి వేరు, సొంత కొవ్వొత్తి వేరుగా వాడేవారన్నది ఇంకొకటి. ఆ కథలు పక్కన పెట్టినా, చేసిన పనులు చూస్తే చాలు మనిషి ఎలాంటివారో తెలిసిపోతుంది. ఏ పనికైనా ముందు కొలతలు తీయించేవారు. పాత రికార్డులు తెప్పించేవారు. ఏది ఎక్కడ చెడిపోయే అవకాశం ఉందో ముందే చూసుకునేవారు. ఆ తర్వాతే గీత గీసేవారు.

సింధు ప్రాంతంలో సక్కర్ అనే ఊరికి మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది, 1894-95లో. సింధు నది నీళ్లు బురద. వడకట్టే మడుగులు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఈయన నది ఇసుకలోనే బావి తవ్వించారు. నది అడుగున ఉన్న ఇసుకే నీటిని వడకట్టి ఇచ్చింది. యంత్రం తక్కువైతే చెడిపోయేదీ తక్కువే కదా!

ఖడక్వాస్లా దగ్గర పుట్టిన ఆలోచన

అసలు కథ 1903 నాటిది. పుణెకు, పక్కనున్న దండు ప్రాంతానికి నీళ్లిచ్చేది ఖడక్వాస్లా ఆనకట్ట. దాని వెనకాల నిలిచిన నీటిని అప్పట్లో ఫైఫ్ సరస్సు అనేవారు. వానాకాలంలో నీళ్లు మరవ మీద నుంచి పొర్లిపోయేవి. ఎండాకాలం వచ్చేసరికి చాలేవి కావు. మన చెరువుల బాధ లాంటిదే.

మరవ ఎత్తు పెంచితే ఏం? నిల్వ పెరుగుతుంది. కానీ పెద్ద వరద వచ్చిన రోజు నీళ్లు బయటికి పోయే దారి తగ్గి, ఆనకట్టకే ముప్పు. పోనీ మరవ మీద తలుపులు పెట్టి, వరద వచ్చినప్పుడు తెరిస్తే? తెరిచేది ఎవరు? కుండపోతలో, చీకట్లో, సరిగ్గా ఆ గంటకు అక్కడ మనుషులు ఉంటారని పూచీ ఏది? ఒక్కసారి ఆలస్యమైతే చాలు. కింద ఉన్నది పెద్ద ఊరు.

విశ్వేశ్వరయ్య ఆలోచన సూటిగా సాగింది. తలుపు తెరవాల్సిన అవసరం వచ్చేదే నీళ్లు పెరిగినప్పుడు. అలాంటప్పుడు తలుపు తెరిచే పని కూడా ఆ నీళ్లకే అప్పగిస్తే సరిపోతుంది. ఒక పక్క తలుపు, ఇంకో పక్క దాన్ని సరితూచే బరువు. నీళ్లు హద్దు దాటగానే తూకం మారి తలుపు తెరుచుకుంటుంది. నీళ్లు తగ్గగానే తూకం మొదటికి వచ్చి మూసుకుంటుంది. మనిషి అక్కర్లేదు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే నీళ్లు పాత మట్టం కంటే 8 అడుగులు ఎక్కువ నిలిచాయి. ఈ ఏర్పాటుకు ఆయన పేటెంటు కూడా తీసుకున్నారు. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రాలోనూ, మైసూరు దగ్గర కృష్ణరాజసాగరలోనూ ఇలాంటి గేట్లే పెట్టారు.

ఇప్పటి ఎంబెడెడ్ ఇంజినీర్ ఎవరికైనా ఈ గేటు బొమ్మ చూపిస్తే వెంటనే గుర్తుపడతారు. కొలిచేది, తేల్చుకునేది, కదిలించేది - మూడూ అందులో ఉన్నాయి. వాళ్లు చిప్పుతో, కోడుతో చేసేది తూకంతో జరిగింది. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆయన ఆలోచన గేటు ఎలా పనిచేస్తుంది అన్న దగ్గర మొదలు కాలేదు. చూసుకునే మనిషి లేకపోతే ఏమవుతుంది అన్న దగ్గర మొదలైంది.

ఇప్పుడు చిప్పుల్లో వాచ్‌డాగ్ టైమర్ అని ఒకటి పెడతారు. రాత్రి గస్తీ తిరిగే గూర్ఖా గంటగంటకూ ఈల వేసినట్టు, ప్రోగ్రాం కూడా లెక్క ప్రకారం ఆ టైమర్‌కు తానున్నానని తెలియజేస్తూ ఉండాలి. ఈల వినపడలేదంటే ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుందని లెక్క. టైమర్ దాన్ని మొత్తం ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేయదు అని నమ్మేవాళ్లు పెట్టే ఏర్పాటు కాదిది. తప్పు జరిగి తీరుతుంది, జరిగినా మనిషికి హాని రాకూడదు అనుకునేవాళ్లు పెట్టేది.

మూసీ నేర్పిన లెక్క

1908లో విశ్వేశ్వరయ్య బొంబాయి ఉద్యోగం నుంచి ముందుగానే విరమించుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ పొంగింది. వంతెనలు మునిగాయి, పేటలకు పేటలు కొట్టుకుపోయాయి. పోయిన ప్రాణాలు 15 వేల దాకా ఉంటాయని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని నేటికీ చెప్పుకుంటారు.

మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం ఈయన్ను పిలిపించింది. 1909లో హైదరాబాద్ వచ్చిన విశ్వేశ్వరయ్య ముందుగా నది దగ్గర కాదు, నదికి నీళ్లు వచ్చే దారుల దగ్గర వెతికారు. ఎక్కడ ఎంత వాన పడిందో లెక్కలు తీయించారు. పరీవాహక ప్రాంతంలో ఉన్న చెరువులన్నీ పట్టిక వేయించారు. 788 చెరువులు తేలాయి. ఆ వరదలో వాటిలో 221 తెగిపోయాయి.

ఈ అంకెలోనే ఉంది ఆ రాత్రి ఏం జరిగిందో. ఒక చెరువుకు గండి పడితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. అది తన వాననీళ్లనైతే ఓర్చుకునేదేమో, పై చెరువు బరువు కూడా కలిస్తే ఓర్చుకోలేదు. అదీ తెగుతుంది. అలా ఒకదాని తప్పు ఇంకొకదాని నెత్తిన పడుతూ ఊరి మీదికి వచ్చింది. దేని కట్ట దానికి విడిగా చూస్తే గట్టిగానే ఉండొచ్చు. గొలుసుకట్టుగా చూస్తేనే ప్రమాదం కనపడుతుంది.

ఆయన ఇచ్చిన సలహా కూడా ఆ లెక్క మీదే నిలబడింది. ఊళ్లో గోడలు ఎత్తుగా కట్టి సరిపెట్టుకోకుండా, ఊరికి ఎగువన పెద్ద జలాశయాలు కట్టి వరదలో కొంత భాగాన్ని అక్కడే పట్టి ఉంచాలి. తర్వాత మెల్లగా వదలాలి. ఆ సలహా వల్లనే మూసీ మీద గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. వరద కోసం ఆలోచించిన జలాశయాలు తర్వాత చాలా ఏళ్లు హైదరాబాద్ దాహం కూడా తీర్చాయి.

కోలారు దీపాలు, కావేరి నీళ్లు

1909 చివర్లో మైసూరు సంస్థానం పిలిచి చీఫ్ ఇంజినీర్‌ను చేసింది. 1912లో దివాన్‌గిరీ వచ్చింది. ఆ పదవి ఒప్పుకునే ముందు బంధువులను పిలిచి, సిఫార్సుల కోసం తన దగ్గరికి రాకూడదని మాట తీసుకున్నారని చెప్తారు.

అప్పటికి కావేరి మీద శివనసముద్రంలో కరెంటు ఉత్పత్తి మొదలై కొన్నేళ్లయింది. 1902 నుంచి అక్కడి కరెంటు సుమారు 147 కిలోమీటర్ల తీగ మీద కోలారు బంగారు గనులకు వచ్చేది. తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా చెమటోడ్చిన ఆ గనులు 2001లో మూతపడ్డాయి కానీ, అప్పట్లో అవి సంస్థానానికి ప్రాణం. చిక్కల్లా ఎండాకాలంలోనే. కావేరి సన్నబడితే కరెంటూ సన్నబడేది. గని లోతుల్లో కరెంటు లేదంటే లిఫ్టు లేదు, నీళ్లు తోడే పంపు లేదు. కరెంటు ఉండటం వేరు, అది ఏడాది పొడుగునా ఉంటుందని నమ్మకం ఉండటం వేరు. ఆ నమ్మకం కావాలంటే నది నీళ్లను నిల్వ చేయాలి. సాగుకూ అదే దారి.

అలా 1911లో కృష్ణరాజసాగర పని మొదలైంది. సిమెంటు అప్పట్లో దిగుమతి సరుకు. ఇటుక పొడి, సున్నం కలిపిన సుర్కీతో రాళ్లు పేర్చారు. దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం తన రైతుల నీళ్లకు ఏమవుతుందోనని అభ్యంతరం చెప్పింది. వాదం ఏళ్ల తరబడి సాగి 1924లో ఒప్పందం దాకా వచ్చింది. ఆనకట్ట 1930ల మొదట్లో పూర్తయింది. మండ్య సీమ చెరకు, వరి దాని పుణ్యమే. కావేరి తగవు మాత్రం ఆ తర్వాత కూడా తెగలేదు. రెండు పక్కలా మనవాళ్లున్నారు కాబట్టి ఆ సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

దివాన్‌గా ఉన్న ఆరేళ్లలో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాయి. భద్రావతి ఇనుము కర్మాగారానికి బీజం పడింది. అయితే 1918లో ఆయన పదవి వదులుకున్నారు. సర్కారు ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు వాటా ఇవ్వాలన్న ఆలోచన మహారాజుది. ప్రతిభను ఒక్కటే కొలబద్దగా చూడాలన్న పట్టుదల దివాన్‌ది. ఇద్దరికీ పొసగలేదు. చరిత్ర మహారాజు దారిలోనే నడిచింది. నదికి ఎగువన ఏముందో వెతికిన మనిషి, బడి మెట్టు ఎక్కనివ్వకుండా తరాల తరబడి అడ్డుపడ్డ గోడల్ని అంత తీరిగ్గా లెక్కలోకి తీసుకోలేదనే విమర్శ ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు.

పదవి పోయినా పని ఆగలేదు. నష్టాల్లో ఉన్న భద్రావతి కర్మాగారాన్ని 1923లో చేతికి తీసుకుని నిలబెట్టారు. 1955లో భారతరత్న వచ్చింది. తొంభై దాటాక కూడా బీహార్‌లో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే సంఘానికి పెద్దగా తిరిగారు. మొకామా దగ్గర ఆ వంతెన 1959లో తెరుచుకుంది.

నూరేళ్ల అంచున ఒక వార్త

1961 జూలై 12. పుణె ఎగువన అప్పుడప్పుడే కడుతున్న పాన్‌షెట్ ఆనకట్ట తెగింది. పని పూర్తి కాకముందే వానాకాలం ముంచుకొచ్చింది. సైనికులు రాత్రంతా ఇసుక బస్తాలు వేసినా నిలవలేదు. ఆ నీళ్లన్నీ వచ్చి దిగువన ఉన్న ఖడక్వాస్లా మీద పడ్డాయి. యాభై ఏళ్లకు పైగా ఎన్నో వరదలు చూసిన ఖడక్వాస్లా ఆ దెబ్బకు తెగిపోయింది. పుణె నగరం మునిగింది.

మొట్టమొదట తన గేట్లు పెట్టిన ఆనకట్ట అది. విశ్వేశ్వరయ్య అప్పటికి బెంగళూరులో నూరేళ్ల అంచున ఉన్నారు. మూసీలో 221 చెరువులు చెప్పిన పాఠమే యాభై ఏళ్ల తర్వాత ఆ ఆనకట్ట దగ్గర మళ్లీ వినిపించింది. వానకు, వరదకు లెక్కకట్టిన కట్ట అది. ఎగువన ఇంకొక ఆనకట్ట వస్తుందని, అది ఒక్కసారిగా తెగుతుందని 1903 నాటి లెక్కలో లేదు. ఉండే అవకాశం కూడా లేదు. పాతదాని ఎగువన కొత్తది కట్టినప్పుడు మాత్రం ఆ లెక్క మళ్లీ వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి సరిజోడు ఉంది. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల అరియాన్ 5 రాకెట్టు మొదటిసారి ఎగిరింది. నలభై సెకన్లు కూడా గడవకుండానే దారి తప్పి ముక్కలైంది. రాకెట్టు ఎటు పోతోందో చెప్పే పరికరంలోని ప్రోగ్రాంను పాత అరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. పాత రాకెట్టులో అది చక్కగా పనిచేసింది. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. దాంతో ఒక అంకె పెరిగి పెరిగి, దానికి కేటాయించిన చోటు పట్టనంత పెద్దదైంది. పరికరం చేతులెత్తేసింది. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని రెండు పరికరాలు పెట్టారు. రెండింటిలోనూ ఉన్నది అదే ప్రోగ్రాం. కాబట్టి రెండూ ఒకే తప్పుతో పోయాయి. ఒకే తీరు కట్టలు ఒకే వరదకు తెగినట్టు.

కోడు చెడ్డది కాదు. ఖడక్వాస్లా కట్టా చెడ్డది కాదు. చుట్టూ ఉన్న లోకం మారింది, పాత లెక్క మారలేదు. ఇంజినీర్‌కు పొంచి ఉన్న ప్రమాదం ఎక్కువగా అక్కడే.

ముద్దేనహళ్లి దారిలో

1962 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్య కన్నుమూశారు. నూరేళ్లు దాటిన జీవితం. సమాధి సొంత ఊళ్లోనే, నంది కొండలు కనపడేంత దూరంలో ఉంది. కర్ణాటకలో వేలాది మంది ఇంజినీరింగ్ పిల్లల డిగ్రీ కాగితం మీద ఉండే విశ్వవిద్యాలయం పేరు ఆయనదే. బెళగావిలో 1998లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయం కాగితం పట్టుకుని మన ఇళ్ల నుంచి ఎంతమంది బెంగళూరు బస్సెక్కారో లెక్కే లేదు.

వాళ్లలో నమ్మకమైన ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ చేసే పనిలో ఉన్నవాళ్లకు ఇంట్లో ఒక చిక్కు ఉంటుంది. పండక్కి ఊరికి వస్తే, ఏం చేస్తావు నాయనా అని అవ్వ అడిగితే ఏం చెప్పాలో తోచదు. వాళ్లు కొత్తగా ఏదీ తయారు చేసినట్టు కనపడదు. వేరేవాళ్లు రాసిన కోడును తిప్పి తిప్పి చూస్తారు. కరెంటు సగంలో పోతే ఏమవుతుంది, వైరు తెగితే ఏమవుతుంది, అంకె తప్పు వస్తే ఏమవుతుంది అని పరీక్షలు పెడతారు. పని బాగా జరిగితే ఏమీ జరగదు. బ్రేకు పడుతుంది, లిఫ్టు ఆగుతుంది, మందు చుక్క లెక్క ప్రకారం దిగుతుంది. ఏమీ జరగకపోవడమే వాళ్ల సంపాదన. దాన్ని ఎవరికి చూపించాలి?

ఈసారి అవ్వ అడిగితే నీరుగంటి కథ చెప్పొచ్చు. అర్ధరాత్రి వానలో కట్ట మీదికి ఎవరూ పోలేని రోజు కోసం ముందే ఆలోచించి పెట్టే పని అని చెప్తే ఆమెకు ఇట్టే అర్థమవుతుంది. నీరుగంటి కునుకు తీసినా ఊరు మునగకుండా గేటు పెట్టిన ముద్దేనహళ్లి పెద్దాయన పేరు ఆమెకు తెలిసే ఉంటుంది. ఆయన ఎందుకు పెద్దాయనో కూడా అప్పుడు తెలుస్తుంది.